జాజ్‌లో వైబ్రాఫోన్ వాయిస్తూ నిలబడాలంటే

జాజ్ బ్యాండ్ కట్టాలనుకున్నవాళ్లు ముందు డ్రమ్స్ ఎవరు, బేస్ ఎవరు అని చూసుకుంటారు, తర్వాత పియానోనో గిటారో, ఆ తర్వాత శాక్సఫోన్‌కో ట్రంపెట్‌కో ఎవరినైనా పిలుస్తారు. రేపు ప్రోగ్రాం ఉంది, వైబ్స్‌కి (లోహపు బార్లని కొట్టి వాయించే వైబ్రాఫోన్‌ని పొట్టిగా అలా అంటారు) మనిషి దొరకలేదు అని టెన్షన్ పడేవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. ఈ వాద్యం ఎంచుకున్నవాళ్లు మొదట్లోనే తెలుసుకోవాల్సింది ఇదే. మీరు ఏం సాధన చేయాలి, ఎవరితో కలిసి వాయించాలి, డబ్బు ఎక్కడినుంచి వస్తుంది అన్నవన్నీ దీన్నిబట్టే ఉంటాయి. మీ కోసం ఎవరూ చోటు పట్టి ఉంచరు కాబట్టి, వైబ్స్ లేకపోతే కుదరని బాణీలు మీరే కట్టాలి. లయోనెల్ హాంప్టన్ నుంచి మిల్ట్ జాక్సన్, బాబీ హచర్సన్, ఇప్పటి జోయెల్ రాస్ వరకు ఈ వాద్యంతో పేరు తెచ్చుకున్నవాళ్లు సొంత ట్యూన్‌లు రాసుకున్నవాళ్లే.

అందుకే వాయించడం, రాయడం రెండూ ఒకేసారి మొదలుపెట్టమంటాను. పదేళ్లు వాయించాక రాద్దాంలే అనుకుంటే ఆ పదేళ్లూ ఇంకొకళ్ల ఫోన్ కోసం ఎదురుచూడటంతోనే గడిచిపోతాయి.

మోగించడం కన్నా ఆపడం కష్టం

ముందు వాద్యం గురించి కాస్త. మామూలు వైబ్రాఫోన్‌లో అల్యూమినియం మిశ్రమంతో చేసిన 37 బార్లు ఉంటాయి, మొత్తం మూడు ఆక్టేవులు (స్థాయిలు), పియానోలో మధ్య సి కంటే కిందున్న ఎఫ్ దగ్గర మొదలవుతుంది. ఒక్కో బార్ కింద ఒక గొట్టం, గొట్టం పైమూతి దగ్గర ఒక గుండ్రటి రేకు. మోటార్ ఆ రేకుల్ని తిప్పుతుంటే గొట్టాల నోళ్లు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటాయి, దాంతో నాదం పెరుగుతూ తగ్గుతూ వణికినట్టు వినిపిస్తుంది. వైబ్రాఫోన్ అన్న పేరు ఆ వణుకు మీదే వచ్చింది. 1920ల్లో ఇండియానాపోలిస్‌లోని లీడీ కంపెనీ దీన్ని మొదట తెచ్చింది, 1927లో షికాగోలోని డీగన్ కంపెనీ ఇప్పుడు మనం చూసే కాలి పెడల్‌తో దాన్ని మెరుగుపరిచింది. డ్రమ్మర్‌గా ఉన్న హాంప్టన్ 1930లో లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్‌తో రికార్డింగ్‌కి వెళ్లినప్పుడు స్టూడియోలో పడి ఉన్న వైబ్రాఫోన్ మీద వాయించడంతో జాజ్‌లోకి దీని ప్రయాణం మొదలైంది.

మోటార్ విషయంలో ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. హాంప్టన్ దాన్ని సెకనుకి పది చుట్ల వేగంతో తిప్పేవారు, మిల్ట్ జాక్సన్ మూడు చుట్లకి కాస్త పైన మాత్రమే పెట్టుకున్నారు, ఆయన నాదం పాడే గొంతులా అనిపించడానికి అదొక కారణం. గ్యారీ బర్టన్ అసలు ఆపేసే వాయించారు. నా సలహా ఏంటంటే మొదటి ఏడాది మోటార్ ముట్టుకోకండి. ఆ వణుకు అందంగా ఉంటుంది కానీ మీ చేతి తప్పుల్ని కప్పేస్తుంది.

అసలు పని పెడల్ దగ్గర. పెడల్ వదిలేస్తే ఫెల్ట్ పట్టీ బార్లకి ఆనుకుని నాదం ఆగిపోతుంది, తొక్కితే పట్టీ కిందకి జరిగి అన్నీ మోగుతూనే ఉంటాయి. పియానోలో వేలు తీస్తే ఆ ఒక్క స్వరమే ఆగుతుంది, ఇక్కడ అలాంటి సౌకర్యం లేదు, అన్ని బార్లకీ కలిపి ఒక్కటే పట్టీ. నేను మొదలుపెట్టిన కొన్ని నెలలకి నా సాధన రికార్డ్ చేసుకుని విన్నాను. వాయిస్తున్నప్పుడు ఎంతో నిండుగా అనిపించింది, తీరా వింటే స్వరాలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ముద్దగా ఉన్నాయి, ఏ కార్డ్ (కలిపి మోగే స్వరాల గుంపు) ఎక్కడ మారిందో తెలియడం లేదు. ఆరోజునుంచి స్వరం ఎలా మొదలవుతుందో వదిలేసి ఎక్కడ ఆగుతుందో వినడం మొదలుపెట్టాను.

దానికి మ్యాలెట్‌తో (బార్లని కొట్టే, కొసన గుండ్రటి తల ఉన్న పుల్లతో) అదమడం నేర్చుకోవాలి. పెడల్ పూర్తిగా తొక్కి పెట్టి, కుడి మ్యాలెట్‌తో ఒక స్వరం కొట్టండి, సరిగ్గా అదే క్షణంలో ఎడమ మ్యాలెట్ తల అంతకుముందు మోగుతున్న బార్ మీద ఆనాలి. గట్టిగా ఆనిస్తే టక్కుమని చప్పుడు వస్తుంది, మెత్తగా ఆనిస్తే నాదం ఆగదు, ఆ మధ్య బరువు చేతికి అలవాటు కావడానికి వారాలు పడుతుంది. మెట్రోనోమ్‌ని (తాళం కొట్టే యంత్రాన్ని) నిమిషానికి 50 దెబ్బల దగ్గర పెట్టి ఒక్క సి మేజర్ స్కేల్‌నే ఇలా పైకీ కిందకీ వాయించండి, ఒక స్వరం పూర్తిగా ఆగాకే ఇంకోటి కాదు, ఖాళీ లేకుండా ఒకదాన్నుంచి ఇంకోదానికి జారాలి. ఇది కుదిరాక కార్డ్‌లో ఒక్క స్వరాన్ని మాత్రమే ఆపి మిగతావాటిని మోగనివ్వడం చేయండి. జి సెవెన్త్ నుంచి సి కి వెళ్తున్నప్పుడు ఎఫ్‌ని అదిమి ఈ కొట్టండి, ఎలాగూ రెండు కార్డ్‌లలోనూ ఉన్న జి ని అలా ఉండనివ్వండి. ఈ వాద్యంలో ఉన్న అందమంతా నాకు అక్కడే దొరికింది.

రెండు మ్యాలెట్లా నాలుగా అన్న వాదన ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. ఇండియానాలో పెరిగిన గ్యారీ బర్టన్ చేతికి రెండేసి చొప్పున నాలుగు పట్టుకుని పియానోలా వాయించే పద్ధతిని ఎంత ముందుకి తీసుకెళ్లారంటే, ఆ పట్టుకి ఆయన పేరే వచ్చింది. మిల్ట్ జాక్సన్ రెండింటితోనే జీవితమంతా గడిపారు, ఇప్పుడు జోయెల్ రాస్ కూడా ఎక్కువగా రెండింటితోనే వాయిస్తారు. ముందు రెండింటితో ఒక లైన్‌ని ఊపిరున్నట్టు వాయించడం నేర్చుకోండి, తర్వాత నాలుగుకి వెళ్లండి. నాలుగు తప్పదు, ఎందుకంటే పియానో లేని బ్యాండ్‌లో కార్డ్‌లు మీరే ఇవ్వాలి, అలాంటి బ్యాండ్‌లలోనే మీకు పని దొరికే అవకాశం ఎక్కువ. పెద్దవాళ్లలో రెండే పట్టుకున్నవాళ్లున్నారు కదా అని దీన్ని దాటేయకండి.

ఇంకో చిక్కు గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు. పియానో వాయించేవాళ్లకి వేళ్ల కింద కీలు తగులుతూ ఉంటాయి, మీకు మ్యాలెట్ గాల్లో ఉంటుంది, చూడకపోతే పక్క బార్ మీద పడుతుంది. అంటే కాగితం చూస్తూ వాయించడం ఇక్కడ మామూలు కన్నా చాలా కష్టం. స్టాండ్‌ని వీలైనంత కిందకి దించి, బార్లకి ఆనుకునేంత దగ్గరగా, సరిగ్గా మధ్యలో పెట్టండి, కళ్లు మాత్రమే కదలాలి, తల కదలకూడదు. స్టేజ్ మీద వాయించే ట్యూన్‌లన్నీ కంఠస్థం చేయడం మాత్రం మానకండి.

ఎవర్ని వినాలి, ఎలా వినాలి

ఊదే వాద్యాలు వాయించేవాళ్లకి ఊపిరి అయిపోతుంది, కాబట్టి వాళ్ల మాటకి విరామం దానంతట అదే వస్తుంది. మనకి ఆ అడ్డు లేదు, చేతులు నొప్పి పుట్టేదాకా ఆపకుండా కొడుతూ పోవచ్చు, కొత్తగా నేర్చుకునేవాళ్ల సోలోలు వినడానికి అలసటగా ఉండేది అందుకే. వాయిస్తున్నంతసేపూ మెల్లగా ఊపిరి వదలండి, ఊపిరి అయిపోయిన చోట మ్యాలెట్లు ఆపండి. వినేటప్పుడు కూడా ఒక్క వైబ్స్ వాళ్లనే వినకుండా శాక్సఫోన్ సోలోలు ఎక్కువ తీసుకోండి. ముందు సోలో మొత్తం రికార్డ్‌తో కలిసి పాడాలి, ఎక్కడా తడబడకుండా పాడగలిగాకే మ్యాలెట్లు పట్టుకోవాలి, కాగితం మీద రాయడం అన్నిటికన్నా చివర.

వైబ్స్‌లో మొదటి పాఠానికి మిల్ట్ జాక్సన్ బ్లూస్ సోలోలు తీసుకోండి. ఆయన ఏదీ దాచరు, ప్రతి స్వరం దేని మీద నిలబడిందో వినిపిస్తుంది. హచర్సన్‌ని తర్వాత వినండి. 1964 ఫిబ్రవరిలో శాక్సఫోన్ వాయించే ఎరిక్ డాల్ఫీ చేసిన ఔట్ టు లంచ్ రికార్డింగ్‌లో పియానో లేదు, ఆ చోట హచర్సన్ వైబ్స్ ఉన్నాయి. టోనీ విలియమ్స్ డ్రమ్స్‌కీ రిచర్డ్ డేవిస్ బేస్‌కీ మధ్య ఆయన కార్డ్‌లు పరచకుండా అక్కడక్కడా మెరుపులా రెండు మూడు స్వరాలు వేసి వదిలేస్తారు. పియానో ఉంటే ఆ రికార్డ్‌లో అంత గాలి ఆడేది కాదు. బ్యాండ్‌లో వైబ్స్ ఎందుకు అని ఎవరైనా అడిగితే నేను ఇదే వినిపిస్తాను.

పియానో కూడా ఉన్న బ్యాండ్‌లో వాయించాల్సి వస్తే మొదటి రిహార్సల్‌కి ముందే పియానో వాయించేవారితో మాట్లాడుకోండి. ఇద్దరి స్వరాలూ ఒకే ఎత్తులో పడతాయి, ఇద్దరూ ఒకేసారి కార్డ్‌లు వేస్తే శాక్సఫోన్ సోలో కింద పెద్ద రొద అవుతుంది. ఒక కోరస్ (ట్యూన్ కార్డ్‌ల వరస ఒక చుట్టు) మీరు, ఒక కోరస్ వాళ్లు అనుకుంటే సరిపోతుంది. మీ వంతు కానప్పుడు మ్యాలెట్లు కింద పెట్టి నిలబడటానికి సిగ్గుపడకండి.

ఒకరి దారి ఎలా సాగిందో చూస్తే

జోయెల్ రాస్ 1995లో షికాగోలో పుట్టారు. కవల సోదరుడితో కలిసి చిన్నప్పుడే డ్రమ్స్ మొదలుపెట్టి, స్కూల్ రోజుల్లో వైబ్స్‌కి మారారు. తర్వాత కాలిఫోర్నియాలో స్టాక్‌టన్‌లోని బ్రూబెక్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లారు, అక్కడ స్టీఫన్ హ్యారిస్ దగ్గర నేర్చుకున్నారు. హ్యారిస్ కూడా వైబ్స్ వాయించేవారే, స్వరకర్తే. ఆ తర్వాత రాస్ న్యూయార్క్ చేరి గుడ్ వైబ్స్ అనే సొంత బ్యాండ్ కట్టుకున్నారు, డ్రమ్మర్ మకాయా మెక్‌క్రేవెన్ లాంటివాళ్ల రికార్డింగుల్లో వాయించారు, 2019లో బ్లూ నోట్ కంపెనీ నుంచి మొదటి ఆల్బమ్ తెచ్చారు. 2022 నాటికి ఎనిమిది మంది కోసం ఏడు భాగాల పెద్ద రచన రికార్డ్ చేశారు.

ఇందులో మనకి పనికొచ్చేది ప్రతిభ గురించిన మాటలు కాదు, వరస. ముందు గురువు, తర్వాత తన వయసువాళ్లతో ఒక బ్యాండ్, పక్కనే ఇతరుల రికార్డింగులు, అప్పుడు ఆల్బమ్. మొదటి ఆల్బమ్ వచ్చేసరికే ఆ ట్యూన్‌లు స్టేజ్ మీద వాయించి వాయించి నలిగిపోయి ఉండాలి. స్టూడియోకి మొదటిసారి కాగితాలు తీసుకెళ్లి రికార్డ్ చేస్తే వినేవాళ్లకి అది తెలిసిపోతుంది.

ప్యాట్రిషియా బ్రెనన్ దారి వేరు. మెక్సికోలోని వెరాక్రూజ్‌లో పుట్టి, ఫిలడెల్ఫియాలోని కర్టిస్ ఇన్‌స్టిట్యూట్‌లో ఆర్కెస్ట్రా కోసం శిక్షణ తీసుకుని, 2021లో మొదటి ఆల్బమ్‌ని ఒంటరిగా వాయించి తెచ్చారు, నాదాన్ని ఎలక్ట్రానిక్ ఎఫెక్ట్స్‌తో సాగదీసి వంచుతూ. బ్యాండ్ దొరకలేదు కాబట్టి మొదలుపెట్టలేకపోతున్నాం అనేవాళ్లు ఆ ఆల్బమ్ వినాలి.

రాయడం ఎలా మొదలుపెట్టాలి

తెల్లకాగితం ముందు కూర్చోకండి. ఎఫ్‌లో 12 బార్ల (ఇక్కడ బార్ అంటే తాళంలో ఒక చుట్టు, వాద్యం మీది లోహపు బార్ కాదు) బ్లూస్ తీసుకుని, ఆ కార్డ్‌ల మీద మీ సొంత మెలొడీ ఒకటి కట్టండి. పాత కార్డ్‌ల మీద కొత్త బాణీ కట్టడం బీబాప్ (1940ల నాటి జాజ్ శైలి) కాలంలో అందరూ చేసిన పనే, అలాంటి మామూలు కార్డ్‌ల వరస ఏ ఒక్కరి సొత్తూ కాదు. వారానికి ఒకటి చొప్పున పది రాయండి. వాటిలో తొమ్మిది మీకే నచ్చవు, పరవాలేదు, ఆ పదోదాన్ని బ్యాండ్‌కి ఇవ్వండి.

మెలొడీని వైబ్స్ ముందు నిలబడి కట్టకండి. చేతులకి అలవాటైన దారులుంటాయి, ఎప్పుడూ ఆ బార్లమీదకే పోతాయి. నడుస్తూ పాడుకోండి, ఫోన్‌లో రికార్డ్ చేసుకోండి, తర్వాత వాద్యం దగ్గరికి వచ్చి అది ఏ కీ లో (అంటే ఏ స్వరాన్ని ఆధారంగా పెట్టుకుంటే) బాగా మోగుతుందో వెతకండి. కీ మారితే ఈ వాద్యంలో రంగు చాలా మారుతుంది, కింది ఆక్టేవ్‌లో వెచ్చగా ఉన్న మెలొడీ పై ఆక్టేవ్‌కి వెళ్లాక పలచగా, గాజులా అయిపోతుంది.

తర్వాత బేస్ లైన్. మీ వాద్యానికి కింది స్వరాలు లేవు, కాబట్టి ట్యూన్‌లో సగం బేస్ చేతిలో ఉంటుంది. కార్డ్ పేరు రాసి వదిలేస్తే బేస్ వాయించేవారు తనకి తోచింది వాయిస్తారు, చాలాసార్లు అది బాగానే ఉంటుంది, కానీ మీ ట్యూన్ అందరి ట్యూన్‌లలా వినిపిస్తుంది. మొదటి ఎనిమిది బార్ల బేస్ స్వరం స్వరంగా రాసి ఇవ్వండి. కార్డ్‌లకి మాత్రం మీరు నాలుగు స్వరాలూ వేయాల్సిన పని లేదు, కార్డ్ మూల స్వరం నుంచి స్కేల్‌లో లెక్కిస్తే వచ్చే మూడో స్వరం, ఏడో స్వరం రెండూ కలిపి మోగనిస్తే చెవికి కార్డ్ అందుతుంది.

ఆల్టో శాక్సఫోన్‌తో కలిసి ఒకే మెలొడీ వాయించడం తప్పకుండా ప్రయత్నించండి. వైబ్స్‌లో స్వరం మొదలు పదునుగా ఉండి వెంటనే తగ్గిపోతుంది, శాక్సఫోన్‌లో స్వరం ఊపిరి ఉన్నంతసేపు నిలుస్తుంది, రెండూ కలిస్తే మొదలూ కొసా రెండూ ఉన్న మూడో వాద్యం ఒకటి పుడుతుంది. కాగితం ఇచ్చేటప్పుడు కీ మార్చి ఇవ్వడం మర్చిపోకండి, ఈ ఊదే వాద్యాల్లో కాగితం మీద ఉన్న స్వరం వేరు, వినపడేది వేరు. మీకు సి వినపడాలంటే ఆల్టోకి ఏ అని రాయాలి, ట్రంపెట్‌కి డి అని రాయాలి. ఈ ఒక్క పని చేయకుండా వెళ్లి రిహార్సల్‌లో సగం టైం పోగొట్టుకున్నవాళ్లు ఎందరో. ట్యూన్ ఒక్క పేజీలో పట్టాలి, సోలోలు ఏ కార్డ్‌ల మీదో, చివరికి ఎక్కడికి తిరిగి వెళ్లాలో స్పష్టంగా ఉండాలి. రిహార్సల్‌లో 20 నిమిషాలకి కుదరకపోతే తప్పు చాలావరకు కాగితంలోనే ఉంటుంది, ఇంటికి తీసుకెళ్లి సరిచేయండి.

డబ్బు సంగతి

కచేరీల మీద మాత్రమే బతకడం కష్టం, చాలామంది పాఠాలు చెబుతారు, అందులో చిన్నతనం ఏమీ లేదు. గ్యారీ బర్టన్ 1971 నుంచి దశాబ్దాలపాటు బాస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో పనిచేశారు, స్టీఫన్ హ్యారిస్ మాన్‌హాటన్ స్కూల్ ఆఫ్ మ్యూజిక్‌లో జాజ్ విభాగాన్ని చూసుకున్నారు.

కానీ సొంత రచనలకి ఉన్న విలువ డబ్బు రూపంలో కూడా కనిపిస్తుంది. అమెరికాలో మామూలు ఏఎం, ఎఫ్‌ఎం రేడియోలో ఒక రికార్డ్ వేస్తే ట్యూన్ రాసినవారికి, దాని ప్రచురణకర్తకి రాయల్టీ వస్తుంది, అందులో వాయించినవారికి ఏమీ రాదు. ఇంటర్నెట్, శాటిలైట్ రేడియోకి మాత్రం వాయించినవాళ్లకి కూడా వాటా ఉంది, దాన్ని సౌండ్ఎక్స్‌ఛేంజ్ వసూలు చేసి ఇస్తుంది. ఇంకొకళ్లు మీ ట్యూన్‌ని తమ ఆల్బమ్‌లో వాయించుకున్నా మీకు వాటా వస్తుంది. అంటే పాత ట్యూన్‌లతో నిండిన ఆల్బమ్ చేస్తే ఆ డబ్బు వాటిని రాసినవాళ్ల వైపు వెళ్తుంది, మీవి నాలుగున్నా ఆ నాలుగు మీ దగ్గరికి వస్తాయి. అమెరికాలో పనిచేస్తుంటే అస్కాప్‌లోనో బీఎంఐలోనో (రాసినవాళ్ల తరఫున రాయల్టీ వసూలు చేసే సంస్థలు) చేరి, ఆల్బమ్ విడుదలకి ముందే ప్రతి ట్యూన్‌నీ నమోదు చేయండి. ఇద్దరు కలిసి రాసినదైతే ఎవరికెంత అన్నది రాసిన రోజే కాగితం మీద పెట్టండి, స్నేహితులైతే మరీ ముఖ్యం. చేంబర్ మ్యూజిక్ అమెరికా అనే సంస్థ జాజ్ బ్యాండ్‌లకి కొత్త రచనల కోసం నిధులిస్తుంది, 30 ఏళ్లలోపు స్వరకర్తలకి హెర్బ్ ఆల్పర్ట్ పేరుతో అవార్డులున్నాయి. వీటన్నిటికీ అడిగేది మీ రచనలే, ఎంత వేగంగా వాయిస్తారన్నది ఎవరూ అడగరు.

మొదటి ప్రోగ్రాంకి వెళ్లే ముందు

అందరికన్నా గంటన్నర ముందు వెళ్లండి. ఈ వాద్యాన్ని విప్పి, మోసి, మళ్లీ బిగించాలి, ఒక్కరే చేయడం నడుముకి మంచిది కాదు, తోడుగా ఎవరినైనా తీసుకెళ్లండి. వైబ్స్‌ని డ్రమ్మర్ రైడ్ సింబల్ పక్కన పెట్టనివ్వకండి. ఆ లోహపు మోతా మీ మోతా ఒకటే జాతి, మైక్‌లు రెండిటినీ కలిపి పట్టుకుంటాయి. స్టేజ్‌కి రెండో చివర నిలబడి, బార్లకి పైన రెండు మైక్‌లు పెట్టమనండి, కింది స్వరాల వైపు ఒకటి, పై స్వరాల వైపు ఒకటి. డ్రమ్మర్ మీకు కనపడాలి, అదొక్కటే షరతు.

సంచిలో ఒక తాడు తప్పకుండా ఉండాలి. బార్లన్నీ వాటికున్న రంధ్రాల గుండా వెళ్లే తాడు మీదే వేలాడుతుంటాయి, అది అరిగి తెగిందంటే బార్లు జారిపోయి వాయించడం అక్కడితో ఆగిపోతుంది. మోటార్ వాడేవాళ్లయితే ఒక బెల్ట్ కూడా. తాడు మార్చడం స్టేజ్ మీద మొదటిసారి చేయకండి, ఇంట్లో ఒక సాయంత్రం కూర్చుని పాత తాడు లాగేసి, పెద్ద బార్ దగ్గర మొదలుపెట్టి ఒక్కొక్కటీ వరసగా ఎక్కించి, చివర్లో ముడి ఎంత బిగువుగా ఉంటే బార్లు ఒకదానికొకటి తగలకుండా మోగుతున్నాయో చూసుకుని, ఆ పొడవుకి ఇంకో తాడు కత్తిరించి సంచిలో వేసుకోండి.